రాత్రిపూట పలికే ప్లగ్గు

2009 నవంబరులో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేం అద్దెకు దిగిన ఫ్లాట్‌లో ఒక ప్లగ్గు పగలంతా చచ్చినట్టు పడుండి అర్ధరాత్రి దాటాక బతికేది. పడగ్గదిలో కిటికీ కింద, రెండు టాపులు పట్టే తెల్ల సాకెట్టు. పగలు ల్యాప్‌టాప్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. రాత్రి మా ఆయన అందులోనే ఫోను గుచ్చి పడుకుంటే తెల్లారేసరికి నిండుగా చార్జయి ఉండేది. నువ్వు సరిగ్గా గుచ్చట్లేదని ఆయన, మీకు కలొచ్చిందని నేను. వారం రోజులు ఇదే గోల. ఎనిమిదో రోజు పంతం పట్టి, టేబుల్ లైటు దానికి తగిలించి, స్విచ్చి వేసే ఉంచి, దుప్పటి కప్పుకుని ఎదురుగా కూర్చున్నాను. సరిగ్గా పన్నెండున్నరకి వీధి తలుపు పక్కనున్న అల్మరాలో టక్కుమంది. లైటు వెలిగింది.

తెనాలిలో అప్పుడు పొద్దున్న ఆరు. నాన్న కాఫీ తాగే వేళ. ఆయన లైసెన్సున్న వైర్‌మన్, నలభై ఏళ్ళు తెనాలి చుట్టుపక్కల ఇళ్ళకి వైరింగు చేసిన మనిషి. ఫోను చేసి అంతా చెప్పాను. ఆశ్చర్యపోతారనుకున్నాను. పోలేదు.

"ఆ గోడ దగ్గర ఇదివరకు ఏముండేదమ్మా?" అన్నారు.

చూశాను. సాకెట్టు చుట్టూ బీరువా అంత మేర గోడ రంగు వేరుగా ఉంది. కింద కార్పెట్టు మీద గుంటలు, ఏదో బరువైంది ఏళ్ళ తరబడి నిలబడి వెళ్ళినట్టు. మిగతా గదుల్లో గోడకి ఆనుకుని రేకు పెట్టెలున్నాయనీ, అవి రాత్రి వేడెక్కి పగలు వేడినిస్తాయనీ, ఈ గదిలో మాత్రం లేదనీ చెప్పాను.

"మీటరెలా ఉంది?"

"ఒకటే నాన్నా. అంకెలు మాత్రం రెండు వరసలు."

"ఇంకేముంది. అది రాత్రి కరెంటు తీగ. ఎవడో పెట్టె పీకేసి ఆ తీగకే ప్లగ్గు బిగించాడు. బోర్డు దాకా వెళ్ళి తీగ మార్చే ఓపిక లేకపోయింది వాడికి. దాన్ని ముట్టుకోకండి, ఇంటాయనకి చెప్పండి."

ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల కూర్చుని, ఇంగ్లండు మొహం చూడని మనిషి ఇదెలా చెప్పారంటే, కుర్రతనంలో రెండేళ్ళు ఢిల్లీలో ఒక కాంట్రాక్టరు దగ్గర పని చేశారు. అక్కడ ఇంటింటికీ లైట్లు, ఫ్యాన్లకి ఒక మీటరు, హీటర్లకీ గీజర్లకీ ఇంకో మీటరు ఉండేవట. రేట్లు వేరు, తీగలు వేరు. "రేటు రెండయితే గోడలో తీగలు రెండవుతాయమ్మా. రేటు మారినా తీగలు గోడలోనే ఉంటాయి" అన్నారు, కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపిస్తుండగా.

నేను పని చేసేది విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో. నేలమాళిగలో ఎవరూ అడగని ఇంజినీరింగు పుస్తకాలు బారులు తీరి ఉంటాయి. ఆ చలికాలం మధ్యాహ్నం తిండి వేళలన్నీ అక్కడే గడిపాను. నాన్న మాట ఢిల్లీకి ఎంత నిజమో, ఢిల్లీకి ఆ పద్ధతి నేర్పిన దేశానికి అంతకంటే నిజమని తేలింది.

బ్రిటన్‌లో ఊరందరికీ కరెంటు అమ్మడం మొదట చూసింది గోడాల్మింగ్ అనే చిన్న ఊరు, 1881లో. అప్పుడూ, ఆ తర్వాత చాలాకాలమూ కరెంటంటే దీపమే. 1882లో పార్లమెంటు చేసిన చట్టం పేరు కూడా 'ఎలక్ట్రిక్ లైటింగ్ యాక్ట్'. దీపాల వ్యాపారంలో ఒక చిక్కుంది. జనం దీపాలు వేసేది చీకటి పడ్డాక నాలుగైదు గంటలు. మిగతా రోజంతా డైనమోలు, బాయిలర్లు, వాటికి పెట్టిన పెట్టుబడి ఊరికే కూర్చుని ఉంటాయి. అందుకని కంపెనీలు దీపాలు కాని వాడకానికి, అంటే మోటార్లకీ వంటకీ గది వెచ్చబెట్టుకోడానికీ, యూనిట్టు చవగ్గా ఇస్తామన్నాయి. దీపం రేటు దానికి కొన్ని రెట్లుండేది. ఒకే తీగలో వచ్చే ఒకే కరెంటుకి రెండు ధరలు కట్టాలంటే ఇంట్లో దాన్ని రెండుగా చీల్చాలి. అలా పుట్టాయి రెండు మీటర్లు, రెండు ఫ్యూజు బోర్డులు, రెండు తీగల దారులు.

రెండో దారి మొదట్లో దాదాపు ఖాళీగానే ఉండేది, ఎందుకంటే ఎర్రగా కాలి కూడా తెగకుండా నిలిచే తీగ దొరకలేదు. నికెలూ క్రోమియమూ కలిపిన నైక్రోమ్‌కి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయన 1906లో పేటెంటు పొందాడు. మన వంటిళ్ళలో మట్టి పళ్ళెం మీద చుట్టలు చుట్టుకుని ఎర్రగా కాలే కాయిల్ ఉంటుంది చూడండి, పొంగిన పాలు పడితే చుయ్యిమని తెగేది, అదే. 1912లో చార్లెస్ బెల్లింగ్ లండన్ పక్కనున్న ఎన్‌ఫీల్డ్‌లో ఒక షెడ్డులో కరెంటు కుంపట్ల తయారీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇంగ్లీషు ఇళ్ళలో బొగ్గు కుంపటి ఉన్నచోటే, దాని పక్కన గోడకి, మూడు లావు గుండు కాళ్ళ 15 ఆంపుల ప్లగ్గులు వెలిశాయి. ఒక్కో ప్లగ్గుకి బోర్డు నుంచి ఒక్కో తీగ. వాటికి 'పవర్' అని పేరు.

మనం ఇప్పటికీ వాడే మాట అదే. ఇంట్లో చిన్న ప్లగ్గుని ప్లగ్గంటాం, పెద్దదాన్ని 'పవర్ ప్లగ్గు' అంటాం. చిన్న దాన్లోనూ ఉండేది పవరే కదా అని ఎవరమూ అడగం. ఆ పేరు అక్కడి కరెంటు కంపెనీల బిల్లు పుస్తకంలోంచి వచ్చింది.

రెండు ధరలున్నచోట తెలివితేటలూ ఉంటాయి. చవక ప్లగ్గులోంచి తీగ లాక్కుని దీపం వెలిగించుకున్నవాళ్ళున్నారు, అది తప్పని హెచ్చరించిన కంపెనీలున్నాయి. దీనికి తిరగేసిన కథ పేద ఇళ్ళది. రెండో తీగ వేయించుకునే స్తోమత లేక, ఉన్న ఒక్క బల్బు హోల్డరులోంచే ఇస్త్రీపెట్టెకి తీగ దించుకునేవాళ్ళు. బల్బు తీసి దాని చోట పెట్టెను తగిలించి, మసక చీకట్లో చొక్కాలు ఇస్త్రీ చేసుకున్న ఇంగ్లీషు ఆడవాళ్ళ ఫోటోలు చూసినప్పుడు మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. మా దగ్గరా అదే పని, నలభై ఏళ్ళు ఆలస్యంగా.

1930లకొచ్చేసరికి ఇంగ్లీషు ఇళ్ళలో ప్లగ్గుల సంత. 2 ఆంపులవి, 5 ఆంపులవి, 15 ఆంపులవి, రెండు కాళ్ళవి, మూడు కాళ్ళవి, ఒక కంపెనీది ఇంకో కంపెనీదాంట్లో పట్టనివి. 1934లో బీఎస్ 546 అనే ప్రమాణం మూడు గుండు కాళ్ళకి కొలతలు ఖాయం చేసింది. మన 5 ఆంపుల, 15 ఆంపుల ప్లగ్గులు ఆ కొలతలకి పుట్టినవే. బ్రిటన్ దాన్ని ఇళ్ళలోంచి వదిలించుకుంది, మనం మన ప్రమాణంగా చేసుకుని, 6, 16 అని అంకెలు మార్చి, ఉంచేసుకున్నాం. లండన్‌లో ఇప్పుడు మన పవర్ ప్లగ్గు చూడాలంటే నాటకశాలకి వెళ్ళాలి. రంగస్థలం దీపాలకి ఇప్పటికీ 15 ఆంపుల గుండు కాళ్ళే వాడతారు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, బాంబులకి కూలిన ఇళ్ళు మళ్ళీ కట్టేటప్పుడు వైరింగెలా ఉండాలని ఒక కమిటీ వేశారు. ఇరవై మందిలో ఒక్కతే ఆడమనిషి, కరోలిన్ హాస్లెట్. 1924లో మొదలైన మహిళా విద్యుత్ సంఘాన్ని నడిపింది ఆవిడే. ప్లగ్గు రంధ్రాల్లో పిల్లలు వేళ్ళో సూదులో పెట్టకుండా లోపల మూత ఉండాలన్న పట్టుదల వెనక ఆవిడ ఉంది. 1944లో కమిటీ నివేదిక వచ్చింది, 1947లో బీఎస్ 1363 అనే 13 ఆంపుల పలక కాళ్ళ ప్లగ్గు వచ్చింది.

ఆ నివేదిక మా నేలమాళిగలో ఉంది. చదువుతుంటే నవ్వొచ్చింది. ఆ పెద్దల మనసులో తిరుగుతున్నది రేడియో కాదు, దీపం కాదు. హీటరు. మూడు కిలోవాట్ల కుంపటిని ఏ గదిలో ఏ మూలకి మోసుకెళ్ళినా తగిలించుకునే వీలుండాలి. 230 వోల్టుల దగ్గర మూడు కిలోవాట్లంటే ఎంత? పదమూడు ఆంపులు. ఇవాళ ఇంగ్లండులో ఏ ఇంట్లో ఏ మూల ఏ ప్లగ్గు చూసినా అది ఒక పాత కుంపటి కొలత. ఫోను చార్జరుకి అంత లావు ప్లగ్గెందుకురా అని ఇక్కడికొచ్చిన ప్రతి తెలుగు పిల్లాడూ విసుక్కుంటాడు. కారణం ఇదే.

ఒక్కో హీటరు ప్లగ్గుకి ఒక్కో తీగ లాగితే రాగి చాలదు. యుద్ధం పీల్చేసిన దేశం. అందుకని 'రింగు' పద్ధతి పెట్టారు: బోర్డులో 30 ఆంపుల ఫ్యూజు నుంచి బయల్దేరిన తీగ ప్లగ్గు ప్లగ్గునీ పలకరిస్తూ ఇల్లంతా తిరిగి మళ్ళీ అదే ఫ్యూజుకి చేరుతుంది. ప్రతి ప్లగ్గుకీ రెండు వైపుల నుంచీ కరెంటు అందుతుంది కాబట్టి తీగ సన్నదైనా సరిపోతుంది. చిన్న సామానుకి 30 ఆంపుల ఫ్యూజు కాపలా కాయలేదు కాబట్టి ఒక్కో ప్లగ్గు టాపులోనే చిన్న ఫ్యూజు పెట్టారు.

ఈ రింగుకి పనికొచ్చిన తీగ ఏదనుకున్నారు? పాత 15 ఆంపుల హీటరు తీగే. అంగుళంలో వెయ్యికి 29 వంతుల మందం గల ఏడు పోగులు పేనిన రాగి. వాళ్ళ లెక్కలో 7/.029, మన లెక్కలో మూడు చదరపు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. కొత్త రింగుకి అడిగిందీ ఆ కొలతే. దాంతో పాత ఇళ్ళలో ఒక సులువు దొరికింది. ముందుగది కుంపటికి ఒక తీగ, దాని పై పడగ్గది కుంపటికి ఒక తీగ వచ్చి ఆగి ఉన్నాయనుకోండి. ఆ రెంటి కొసల్నీ కలిపే ముక్క ఒకటి వేస్తే చాలు, రింగయిపోతుంది. బోర్డులో రెంటినీ ఒకే ఫ్యూజుకి తెచ్చి, గుండు కాళ్ళవి తీసి పలక కాళ్ళవి బిగిస్తే ఇల్లు కొత్తది. గోడ పగలగొట్టక్కర్లేదు.

దీపాల తీగల్ని అలా మార్చడం కుదిరేది కాదు. అవి సన్నవి, పైగా చాలావాటికి ఎర్తు లేదు. దీపాల వైరింగుకీ ఎర్తు తప్పనిసరని నిబంధన వచ్చింది 1966లో. హీటరు తీగకి మొదటి నుంచీ లావూ ఉంది, మూడో కాలు పుణ్యమా అని ఎర్తూ ఉంది. రెండో పనికి లొంగింది ఆ తీగే.

రింగు గురించి ఇంగ్లీషు ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నాన్నకది నచ్చలేదు. "ఒకచోట తెగితే అన్ని ప్లగ్గులూ రెండోవైపు నుంచి పనిచేస్తూనే ఉంటాయి. తెగిందని ఎవడికీ తెలీదు. సగం తీగ మోయాల్సిన బరువు మిగతా సగం మోస్తూ కాలుతుంటుంది. మన పద్ధతిలో తెగితే ప్లగ్గు చచ్చిపోతుంది, నువ్వు నన్ను పిలుస్తావు" అన్నారు. నేను నాన్న పక్షమే.

ఇక రాత్రి కరెంటు సంగతి.

1947 ఫిబ్రవరిలో మంచు కప్పేసి బొగ్గు రైళ్ళు ఆగిపోయాయి. ఆ నెల 10 నుంచి దేశంలో చాలాచోట్ల ఇళ్ళకి పొద్దున 9 నుంచి 12 దాకా, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా కరెంటు కోత. బొగ్గు దొరక్క జనం కరెంటు కుంపట్లు కొన్నారు, అందరూ ఒకే వేళకి వేశారు, స్టేషన్లు మోయలేకపోయాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న కరెంటు మొత్తం ప్రభుత్వపరమైంది. 1952 డిసెంబరులో లండన్ మీద పొగమంచు దిగి వేలమందిని చంపింది, 1956లో శుద్ధగాలి చట్టం వచ్చి బొగ్గు పొయ్యిలకి గడువు చెప్పింది. జనానికి పొగలేని వేడి కావాలి. కరెంటువాళ్ళకేమో సాయంత్రం కుంపట్లు వద్దు, రాత్రి రెండింటికి ఎవరైనా వాడుకుంటే బావుండు. ఒకప్పుడు పగలు ఖాళీగా ఉన్న డైనమోలు ఇప్పుడు రాత్రి ఖాళీ. సమస్య తిరగబడింది, మందు మాత్రం అదే: ఖాళీ వేళ కరెంటు చవగ్గా అమ్మడం.

1960ల మొదట్లో వచ్చిన స్టోరేజ్ హీటరు ఆ మందుకి తగిన గిన్నె. లోపల అంతా ఇటుకలు. రాత్రి చవక కరెంటుతో కాల్చి పెడితే పగలంతా మెల్లగా వేడి వదులుతాయి. పెద్ద పెట్టె 3.4 కిలోవాట్లు, అంటే పదిహేను ఆంపులకి కాస్త తక్కువ. ఒక్కోదానికి ఒక్కో తీగ, రాత్రి బోర్డు నుంచి నేరుగా. 15 ఆంపుల కుంపటి ప్లగ్గులు పోయిన ఇళ్ళలోకే, ఇరవై ఏళ్ళు తిరగకుండా, అదే మోత మోసే ఒంటరి హీటరు తీగలు మళ్ళీ వచ్చాయి.

వీటికి గట్టి పోటీ సముద్రం కిందనుంచి వచ్చింది. 1965లో ఉత్తర సముద్రంలో గ్యాసు దొరికింది, పదేళ్ళలో దేశమంతా గ్యాసుతో వెచ్చబడటం మొదలెట్టింది. గ్యాసు పోని చోట్లే స్టోరేజ్ హీటర్లకి మిగిలాయి. అలాంటి చోట్లు పెరగడానికి ఒక దుర్ఘటన కారణం. 1968 మే 16 తెల్లవారుజామున తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల కొత్త భవనంలో ఒకావిడ టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. లీకైన గ్యాసు పేలి, భవనం ఒక మూల పైనుంచి కింద దాకా పేకమేడలా జారింది. ఆ తరహా పలకల భవనాల్లోంచి గ్యాసు తీసేశారు. ఆ ఇళ్ళకి మిగిలింది కరెంటు వేడే. 1978 అక్టోబరులో 'ఎకానమీ 7' అని ఏడు గంటల రాత్రి రేటు దేశమంతటికీ ఒకే పేరుతో వచ్చింది. మా బ్లాకు లాంటి వేల బ్లాకులు దానితోనే చలికాలాలు వెళ్ళదీశాయి.

మా అల్మరాలో టక్కుమన్నది ఎకానమీ 7 స్విచ్చి. దాని తాళం చెవి ఎక్కడుందో తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. కొన్ని ఇళ్ళలో అది గడియారంతో నడుస్తుంది. మా ఇంట్లో రేడియోతో. బీబీసీ రేడియో 4 లాంగ్‌వేవ్ ప్రసారం, 198 కిలోహెర్ట్జ్. వార్తలూ క్రికెట్టూ మోసుకొచ్చే ఆ తరంగాన్నే చెవికి తెలియనంతగా అటూ ఇటూ కదిపి, అందులో మీటర్లకి ఆదేశాలు పంపేవాళ్ళు. ఇప్పుడు వెయ్యి, ఇప్పుడు ఆపు అని. అంటే ఆ రాత్రి నా టేబుల్ లైటు వెలిగించింది డ్రాయిట్‌విచ్ ఊరి దగ్గరున్న రేడియో స్తంభం.

ఆ ఇంటాయనకి చెబితే ఒక ఎలక్ట్రీషియన్‌ని పంపాడు. అరగంట పని. రాత్రి బోర్డులోంచి ఆ తీగ ఊడదీసి పగటి బోర్డులో వేరే బ్రేకరుకి కలిపాడు. అంతకు ముందొచ్చిన పనివాడు చేయాల్సిన పని అంతే, అరగంట. వాడి మీద నాకింకా కోపమే. ప్లగ్గు రాత్రే పనిచేయడం నవ్వులాట. కానీ పగలు ఎవరైనా దాన్ని చచ్చిన ప్లగ్గనుకుని విప్పి, చెయ్యి లోపల ఉండగా రేడియో ఆదేశం వస్తే?

2014లో అదే బ్లాకులో చిన్న ఫ్లాటు కొనుక్కున్నాం. నాలుగు స్టోరేజ్ హీటర్లతో సహా. 2019లో బ్లాకుకి వేడినీళ్ళ గొట్టాలొచ్చాయి, లీడ్స్ నగరం చెత్త కాల్చగా పుట్టే వేడి అది. హీటర్లకి పని పోయింది. గోడల్లో నాలుగు మంచి తీగలు మిగిలాయి. ఆ వేసవికే నాన్న మొదటిసారి ఇక్కడికొచ్చారు. రాగానే ముందుగది పెట్టెను వేలితో కొట్టి చూసి, "గోడకి బీరువా తగిలించుకున్నారేంటే?" అన్నారు.

మెయిను ఆపించి, ముందు పలక విప్పించారు. పదహారు ఇటుకలు. ఒక్కోటి ఏడెనిమిది కిలోలు. ఇనప ఖనిజం కలిపి కాల్చినవి, చిన్నగా ఉన్నా ఎత్తితే చెయ్యి లాగేస్తుంది. మాది 1990ల నాటి పెట్టె కాబట్టి విప్పాం. 1970ల మధ్యకి ముందు తయారైన కొన్ని పెట్టెల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, వాటిని ఇంట్లోవాళ్ళు ముట్టుకోకూడదు. మా వారూ నేనూ జంటగా మోస్తుంటే నాన్న ఇటుక బరువు చేత్తో తూచి, "మీ అమ్మకి చెప్పకండి, పప్పు రుబ్బడానికి ఒకటి పట్టుకురమ్మంటుంది" అన్నారు.

ఆయనే చేసేస్తానన్నారు. చేయనివ్వలేదు. ఇంగ్లండులో 2005 నుంచి ఇళ్ళ వైరింగుకీ చట్టం ఉంది. కొత్త సర్క్యూటు వేసినా, బోర్డు మార్చినా నమోదైన ఎలక్ట్రీషియన్ చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా ముందే స్థానిక కౌన్సిలుకి చెప్పి తనిఖీ చేయించుకోవాలి. నలభై ఏళ్ళ లైసెన్సు ఇక్కడ చెల్లదంటే కాసేపు ముఖం ముడుచుకుని, పనికొచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడి వెనకే నడుస్తూ ప్రతి పనీ చూశారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, తీగలు తప్ప. తెనాలిలో టేకు పట్టీల మీద రేకు క్లిప్పులు కొట్టి, పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు బిగించిన రోజుల గురించి ఆయన చేతుల్తో చెప్పారు, కుర్రాడు తాతగారి పెట్టెలో అలాంటివి చూశానన్నట్టు తలూపాడు.

చేసింది ఇదీ. ముందు తీగ వయసు చూశాడు. ఎరుపు, నలుపు ప్లాస్టిక్ తొడుగు, 2.5 చదరపు మిల్లీమీటర్లు. రంగులు 2004లో గోధుమ, నీలం అయ్యాయి కాబట్టి అంతకు ముందుదని తెలుస్తుంది. రబ్బరు తొడుగు తీగ అయితే అక్కడితో ఆపేసేవాడు. అది ముప్పై నలభై ఏళ్ళకి ఎండి, వంచితే బిస్కెట్టులా రాలుతుంది. తర్వాత 500 వోల్టుల మెగ్గరు అనే పరీక్ష పరికరం పెట్టి తొడుగు పట్టు చూశాడు. ఎర్తు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉందా అని చూశాడు. గోడ స్విచ్చి నుంచి హీటరులోకి వెళ్ళే వేడి తట్టుకునే మెత్తని తీగ ముక్కని కోసి చెత్తలో వేశాడు, అది ప్లగ్గుకి పనికిరాదు. రాత్రి బోర్డుని పూర్తిగా తీసేశాడు. నాలుగు తీగల్ని పగటి బోర్డులోకి తెచ్చి ఒక్కోదానికి 20 ఆంపుల బ్రేకరు, 30 మిల్లీఆంపుల లీకేజీకే పడిపోయేది, పెట్టాడు. హీటరు స్విచ్చిలున్న చోట జంట సాకెట్లు బిగించాడు. మెగ్గరు చూసినప్పుడు నాన్న మొహంలో తృప్తి కనిపించింది. అద్దె ఫ్లాట్‌లో పెట్టె పీకి ప్లగ్గు బిగించినవాడు మెగ్గరు పెట్టి ఉండడని మా ఇద్దరికీ తెలుసు.

అమెరికాలో ఇదే పనికి ఇంకో మెలిక ఉందని న్యూజెర్సీలో ఉన్న మా పెదనాన్న కొడుకు చెప్పాడు. అక్కడ 1957 నుంచి అన్నీ కరెంటుతోనే నడిచే ఇళ్ళకి పతకాలిచ్చి మరీ ప్రచారం చేశారు, గోడల అంచున పొడుగాటి హీటర్లు వెలిశాయి. అవి 240 వోల్టులవి, రెండు తీగలూ ఫేజులే, న్యూట్రల్ లేదు. ప్లగ్గులేమో 120 వోల్టులవి. పాత హీటరు తీగని ప్లగ్గుకి వాడాలంటే బోర్డులో జంట బ్రేకరు తీసి ఒంటిది పెట్టి, ఫేజుగా పనిచేసిన తెల్ల తీగని న్యూట్రల్ పట్టీకి మార్చాలి. గోడ దగ్గర ప్లగ్గు మార్చి బోర్డు మర్చిపోతే ఇక్కడ మా లైటు రాత్రి వెలిగింది. అక్కడైతే ఆ లైటు మీద రెట్టింపు వోల్టేజి పడుతుంది.

మన దగ్గర ఈ పని ఎవరూ పనిగట్టుకుని చేయలేదు. తెలుగునాట గదులు వెచ్చబెట్టుకునే అవసరం లేదు. అయినా మన నిబంధనల్లో లైట్లు, ఫ్యాన్లకి పది పాయింట్లు లేదా 800 వాట్లు మించకుండా ఒక దారి, పవరుకి విడిగా ఒక దారి ఉండాలన్నది ఆ పాత చీలికే. బాత్‌రూములో గీజరు తీసేసి ఎండ హీటరు డాబా మీద పెట్టుకున్న ఇళ్ళలో ఆ 16 ఆంపుల పాయింటు ఇప్పుడు వాషింగ్ మెషీనుకి వెళ్తోంది. ఎవరూ దాన్ని చరిత్ర అనుకోరు.

రేడియో 4 కింద దాగి వచ్చే ఆదేశాల్ని 2025 జూన్ 30 నుంచి దశలవారీగా ఆపేయడం మొదలెట్టారు. ఇప్పటి మా అల్మరాలో అలాంటి స్విచ్చి ఉన్నచోట నాలుగు స్క్రూ రంధ్రాలే ఉన్నాయి. ముందుగది సాకెట్టుకి రైస్‌కుక్కరు, వైఫై పెట్టుకున్నాం. పడగ్గదిలోది ఫోన్లకి.

ఇటుకలు మాత్రం కదల్లేదు. పాత ఇనుం కొనేవాడు రేకు పట్టుకెళ్ళాడు, ఇటుకలు వద్దన్నాడు. నాలుగు పెట్టెలవీ బాల్కనీలో వరసగా పేర్చాం, వాటి మీద నాన్న తులసి కుండీ పెట్టి వెళ్ళారు. లీడ్స్ చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరికైనా మొక్కల అరుగుకి కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి. ఇద్దరు రండి, ఒక్కరి వల్ల కాదు.